మెదడుకు సాము

మొన్న ఉగాది నాడు మన సంఘం భోజనాల దగ్గర ఒక మిత్రులు మా పక్కన కూర్చుని, పులిహోర కలుపుకుంటూ నెమ్మదిగా అడిగారు: "అమ్మగారి జ్ఞాపకశక్తి కోసం మీరేదో కొన్నారటగా, ఏమైనా గుణం కనిపించిందా? మా నాన్నగారికి కూడా తెప్పిద్దామనుకుంటున్నాం." ఆ సందడిలో సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇంటికి బయలుదేరే లోపల ఇంకా ఇద్దరు అదే ప్రశ్న వేశారు. మన ఇళ్ళలో ఎనభై దాటిన పెద్దవాళ్ళున్నారు. మనకే యాభై దాటుతున్నాయి. కారు తాళాలు ఎక్కడ పెట్టామో వెతుక్కునేటప్పుడు ఇదివరకటిలా నవ్వు రావడం లేదు. అందుచేత ఆ రోజు చెప్పలేని జవాబు ఈ సంచికలో రాస్తున్నాం.

ముందుగా ఒక మనవి. మేము మెదడు వైద్యులం కాము. మాలో ఒకరు వంతెనల ఇంజనీరు, ఒకరు ఫార్మసిస్టు. చదివి తెలుసుకున్నదీ, ఇంట్లో చూసినదీ కలిపి చెబుతున్నాం, అంతే.

అమ్మను మన సభ్యులలో చాలామంది ఎరుగుదురు. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. ఇంట్లో మాత్రం ఇద్దరికీ అమ్మే. తెనాలి దగ్గర పల్లెలో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పారు. నాన్నగారు పోయాక 2009లో, ఇక్కడి నిబంధనలు 2012లో బిగుసుకోకముందే, కార్డిఫ్ వచ్చి మాతో ఉండిపోయారు. పదమూడేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. 2022 చలికాలం నుంచి తేడా కనిపించసాగింది. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయేవారు. పొద్దున వేసుకున్న బి.పి. మాత్ర మళ్ళీ వేసుకోబోయేవారు. ఏదైనా అడిగితే పొంతన లేని జవాబు చెప్పేవారు. సంఘం పిక్నిక్కులో ఒక మూల కూర్చుని చిరునవ్వు నవ్వుతూ ఉండేవారు, అంతే.

మాకు భయం వేసింది. భయం వేసినప్పుడు మన బోటి ఉద్యోగస్థులు చేసే పనే మేమూ చేశాం. ఒక వస్తువు కొన్నాం. మెదడుకు కసరత్తు చేయిస్తుందని పేరున్న ఆటలు గల టాబ్లెట్ ఒకటి తెప్పించి, ఏడాదికి చందా కట్టి, అమ్మ చేతికిచ్చాం. రంగు బొమ్మలు కనిపించి మాయమవుతాయి. ఏది ఎక్కడుందో వేలితో చూపాలి. అంకెలు వరసగా వస్తాయి, తిరగేసి చెప్పాలి. రోజూ ఇరవై నిమిషాలు.

"ఈ వయసులో నాకు మళ్ళీ బడేమిట్రా, నాన్నా?" అన్నారు అమ్మ. అయినా పంతులమ్మ కదా, ఇచ్చిన పని ఎగ్గొట్టలేదు. రెండు నెలల్లో మార్కులు బాగా పెరిగాయి. మేము సంతోషించి ఇండియాలో ఉన్న చెల్లాయికి ఫోనులో చెప్పాం. ఆ వారంలోనే పాలు మాడి, గిన్నె అడుగంటి, పొగ అలారం మోగింది. మేము పరుగున వెళ్ళేసరికి అమ్మ పక్క గదిలో టాబ్లెట్ ముందు కూర్చుని ఉన్నారు. ఆటలో ఆ రోజు ఆవిడకు మునుపెన్నడూ రానన్ని మార్కులు వచ్చాయి.

అప్పుడు గాని మేము చదవడం మొదలుపెట్టలేదు. కొనకముందే చదవవలసింది.

ఈ దేశంలోనే 2010లో ఒక పెద్ద పరీక్ష జరిగింది. బి.బి.సి. వారి విజ్ఞాన కార్యక్రమం ద్వారా పిలుపునిచ్చి, ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 11,430 మంది చేత ఆరు వారాలపాటు ఇటువంటి ఆటలే ఆడించారు. ఫలితాలు 'నేచర్' పత్రికలో వచ్చాయి. ఆడిన ఆటలో అందరూ మెరుగయ్యారు. ఆడని పరీక్ష పెడితే, అది ఆ ఆటకు దగ్గరదే అయినా, లాభం కనిపించలేదు. ఆ పరీక్షలో పాల్గొన్నవారు అరవై లోపువారు. అమెరికాలో 65 దాటిన 2,832 మంది మీద చేసిన మరో పెద్ద పరిశోధన 2002లో వెలువడింది. అందులో కొందరికి జ్ఞాపకంలో, కొందరికి తర్కంలో, కొందరికి చూసినదాన్ని వేగంగా గ్రహించడంలో శిక్షణ ఇచ్చారు. ఎవరికి దేనిలో ఇచ్చారో వారు దానిలోనే బాగుపడ్డారు. పదేళ్ళ తరువాత చూస్తే తర్కం, వేగం నేర్చినవారికి ఆ లాభం కొంత నిలిచింది. జ్ఞాపకం నేర్చినవారికి నిలవలేదు. కనుక ఇవన్నీ బూటకమని మేము అనడం లేదు. కుడిచేతికి సాము చేయిస్తే కుడిచెయ్యే బలపడుతుంది. కాలు బలపడలేదని చేతిని తిట్టి లాభం లేదు.

దీనికి ఇంకా విచిత్రమైన ఉదాహరణ 1980లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అమెరికాలో కార్నెగీ-మెలన్ యూనివర్సిటీలో ఒక మామూలు విద్యార్థికి, ఒక్కొక్కటిగా చదివిన అంకెలను విని తిరిగి చెప్పడం అభ్యాసం చేయించారు. మొదట ఏడు అంకెలు చెప్పగలిగేవాడు. సుమారు 230 గంటల అభ్యాసం తరువాత 79 అంకెలు చెప్పాడు! రహస్యమేమిటంటే అతను పరుగు పందాల మనిషి. అంకెలను గుంపులుగా విడదీసి, ఇది ఫలానా మైలు పరుగుకు పట్టే సమయం అని గుర్తు పెట్టుకునేవాడు. సరే, అంకెలకు బదులు అక్షరాలు ఇచ్చి చూశారు. ఆరింటి దగ్గర ఆగిపోయాడు. పెరిగింది అతని జ్ఞాపకశక్తి కాదు, అంకెలతో వ్యవహరించే నేర్పు.

ఇది చదివినప్పుడు మాకు మన అవధానం గుర్తుకొచ్చింది. తిరుపతి వెంకట కవుల వంటివారు సంస్థానాల్లో శతావధానాలు చేసేవారని వింటూ పెరిగినవాళ్ళం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది. ఒకరు అడుగడుగునా అక్షరాలను నిషేధిస్తారు. మధ్యలో ఒకరు అప్రస్తుత ప్రసంగంతో అడ్డు తగులుతారు. ఒకరు గంట కొడుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క ఉంచుకోవాలి. పద్యాలను ఒక్కొక్క పాదంగా నాలుగు ఆవృత్తాలలో పూర్తి చేసి, చివర ధారణలో అన్నీ అప్పజెప్పాలి. మెదడుకు ఇంతకన్నా సాము ఏముంది? అయితే అవధాని ఆ పద్యాలను పట్టుకునేది యతి ప్రాసల కొక్కేలతో. గణం తెలుసు, యతి ఎక్కడ పడాలో తెలుసు, ప్రాస అక్షరం తెలుసు; ఆ చట్రంలో ఉన్నది జారిపోదు. ఆయన గొడుగు బస్సులో మరిచిపోరని హామీ ఏమీ లేదు.

పైగా అవధానంలో ఇంకో సంగతి ఉంది. అవధాని ఒంటరిగా కూర్చుని చేసేది కాదది. ఎనిమిది మంది కావాలి, సభ కావాలి, చమత్కారానికి నవ్వేవాళ్ళు కావాలి. ఈ సంగతి మాకు అప్పుడు తట్టలేదు. తరువాత తట్టింది.

పొగ అలారం మోగిన తరువాత అమ్మను డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాం. వారు జ్ఞాపకశక్తి పరీక్షలకు పంపించారు. 2023 వేసవిలో పిలుపు వచ్చింది. తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండని ఒక మిత్రులు సలహా చెప్పారు. అడిగితే ఏర్పాటు చేశారు. మీరూ తప్పకుండా అడగండి. నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ రమ్మన్నారు. "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై అయిదు" అని అమ్మ ఆపకుండా చెబుతుంటే దుబాసీ అందుకోలేకపోయాడు. తరువాత మూడు మాటలు చెప్పి, కాసేపు ఆగి మళ్ళీ అడిగారు. అమ్మ ఒకటి చెప్పారు. రెండోది ఎంత ఆలోచించినా రాలేదు. మూడోది అడిగితే, "అది మీరు చెప్పనే లేదు" అన్నారు.

మేము తలలు వంచుకున్నాం. ఆ డాక్టరమ్మ మాత్రం కాగితం పక్కన పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అంది. అమ్మ చిరునవ్వు నవ్వి తల ఊపారు. పిక్నిక్కుల్లో నవ్వే నవ్వే అది. "ఆవిడకు వినిపించడం లేదు. పెదవులు చూసి నెట్టుకొస్తున్నారు" అంది డాక్టరమ్మ.

జ్ఞాపకం కొంత తగ్గిన మాట నిజమేననీ, జబ్బు పేరు పెట్టవలసిన దశ కాదనీ, ముందు చెవుల సంగతి చూడమనీ చెప్పారు. రెండు చెవులకూ మిషన్లు ఇచ్చారు. ఎన్.హెచ్.ఎస్.లో వాటికి డబ్బు కట్టనక్కరలేదు. మేము ఆటల చందాకు కట్టిన డబ్బు తలుచుకుని సిగ్గుపడ్డాం. 'లాన్సెట్' పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో, మతిమరుపు జబ్బుకు దోహదం చేసేవీ, మనం సవరించుకోగలిగేవీ 14 కారణాలను లెక్కించి, వాటన్నిటి వాటా సుమారు 45 శాతం అన్నది. రక్తపోటు, మధుమేహం, పొగ, ఒంటరితనం వగైరాలతోపాటు వినికిడి లోపం కూడా ఆ జాబితాలో ఉంది. మిషన్ పెట్టుకుంటే ఆగిపోతుందా అంటే, 2023లో వెలువడిన అమెరికా పరిశోధన జాగ్రత్తగా మాట్లాడింది. పాల్గొన్న 977 మంది వృద్ధులనూ కలిపి చూస్తే మూడేళ్ళలో తేడా లేదు. ముందు నుంచే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారిలో మాత్రం క్షీణత దాదాపు సగానికి మందగించింది. ఏమైనా, చెవిలో పడని మాటను గుర్తు పెట్టుకోమనడం న్యాయం కాదు గదా.

ఇక రెండోది నడక. ఇందుకు ఆధారం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. మనం చుట్టాలను తీసుకెళ్ళి కోట, వాలిన బురుజు చూపించే కెర్‌ఫిలీ ఊళ్ళోనే 1979లో ఒక పరిశోధన మొదలయింది. పీటర్ ఎల్వుడ్ గారూ, సహచరులూ 45 నుంచి 59 ఏళ్ళ మగవాళ్ళను ఎంచుకుని ముప్పై ఏళ్ళపాటు గమనించారు. పొగ తాగకపోవడం, బరువు అదుపులో ఉండటం, పళ్ళూ కూరలూ ఎక్కువగా తినడం, వ్యాయామం, మద్యం మితం, ఈ అయిదింటిలో నాలుగైనా పాటించినవారిలో మతిమరుపు, తెలివి క్షీణించడం సుమారు 60 శాతం తక్కువని 2013లో ప్రకటించారు. అన్నిటిలోకీ వ్యాయామానిదే పెద్ద చెయ్యి అన్నారు. ఇలా పాటించేవారు తక్కిన విషయాల్లో కూడా జాగ్రత్తపరులే అయి ఉండవచ్చు. కాబట్టి అరవై శాతమూ నడక పుణ్యమే అనలేం. కానీ నడకకు చందా లేదు.

అమ్మను రోజూ సాయంత్రం రోత్ పార్కు చెరువు చుట్టూ నడిపించసాగాం. "ఇంత చక్కటి చెరువుకు రోత అని పేరెవరు పెట్టార్రా?" అని ఆవిడ మొదటిరోజే ఆక్షేపించారు. రోడ్డు మీద తెల్లరంగుతో రాసిన 'అరవ్' అనే మాటను మనవరాలు చదివి వినిపిస్తే, "ఇక్కడ కూడా అరవంలో రాస్తున్నారా?" అన్నారు. అది వెల్ష్ భాషలో 'నెమ్మదిగా' అని చెప్పాం. "అయితే నాకోసమే రాశారు" అన్నారు. చెవులు వచ్చాయి కనుక వచ్చిన మాటలివి. ఏడాదిగా మా ఇంట్లో అమ్మ హాస్యం వినిపించలేదన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది.

మూడోది భాష. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో మన హైదరాబాదు నుంచే ఒక పరిశోధన వచ్చింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారూ, సహచరులూ మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయింది. చదువు రానివారిలో కూడా ఈ తేడా ఉంది. కాబట్టి ఇది చదువు మహిమ మాత్రమే కాదు. బజారులో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడే హైదరాబాదు జీవితంలో, ఒక మాటను అణిచి మరో మాటను పైకి తేవడం మెదడుకు నిత్యం జరిగే సాము అని వారి ఊహ. ఇక్కడ కూడా రెండో వైపు చెప్పాలి. మన వేల్సులోనే బాంగర్ యూనివర్సిటీవారు వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారికి పరీక్షలు పెట్టి 2014లో ప్రకటించిన ఫలితాల్లో అటువంటి లాభం స్పష్టంగా కనిపించలేదు. పండితులింకా వాదించుకుంటున్నారు.

వాదన ఎటు తేలినా మా ఇంటి సంగతి మాకు తేలిపోయింది. మా ఇంట్లో తెలుగు అమ్మతోనే మిగిలింది. మేమిద్దరం ఒకరితో ఒకరం సగం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. పిల్లతో పూర్తిగా ఇంగ్లీషే. నాయనమ్మకు ఇంగ్లీషు కొంత వచ్చు గదా అనుకున్నాం. వినికిడి తగ్గాక ముందు పోయింది ఆ కొంతే. ఒకే కప్పు కింద పదకొండేళ్ళ పిల్లకూ, ఎనభై ఏళ్ళ నాయనమ్మకూ మధ్య 'తిన్నావా', 'పడుకో' తప్ప మాట లేకుండా పోయింది. ఆ ఖాళీలోకే మేము టాబ్లెట్ తెచ్చి పెట్టాం.

దాన్ని ఇప్పుడు బీరువాలో పెట్టేశాం. దాని బదులు రోజూ రాత్రి భోజనమయ్యాక అరగంట నాయనమ్మ బడి. తెలుగు ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, ప్రభవతో మొదలుపెట్టి అరవై సంవత్సరాల పేర్లు. పొద్దున ఇడ్లీ తిన్నారో ఉప్మా తిన్నారో చెప్పలేని మనిషి అరవై పేర్లూ ఒక్కటి తప్పకుండా చెబుతారు. చిన్నప్పుడు వల్లెవేసినవి అంత లోతున ఉంటాయి. అయితే ఆవిడకు వచ్చినవే మళ్ళీ మళ్ళీ చెప్పిస్తే అదీ టాబ్లెట్ ఆట లాంటిదే అవుతుందని, పిల్ల చేత ఎదురు పాఠం పెట్టించాం. బడిలో నేర్చిన వెల్ష్ అంకెలు పిల్ల చెబుతుంది: "ఈన్, దై, త్రీ, పెద్‌వర్, పింప్." పదకొండుకు 'ఈన్ దెగ్ ఈన్', అంటే ఒక పది ఒకటి. అమ్మ కాసేపు ఆలోచించి, "మన పదకొండు కూడా పదీ ఒకటేనే. వీళ్ళు ముందు ఇంకో ఒకటి తగిలించారు, అంతేగా" అన్నారు. పిల్ల తెల్లబోయింది. తనకా సంగతి బడిలో ఎవరూ చెప్పలేదట. మర్నాడు అమ్మకు 'ఈన్ దెగ్ ఈన్' గుర్తులేదు. పిల్ల మళ్ళీ చెప్పింది. ఆ మర్నాడూ గుర్తులేదు. మళ్ళీ చెప్పింది. పిల్లకు విసుగు లేదు. నిజం చెప్పాలంటే మాకే ఉండేది.

ఇప్పుడు మిత్రులు అడిగినదానికి జవాబు. గుణం కనిపించిందా? 2024 చివర మళ్ళీ పరీక్ష చేస్తే మతిమరుపు కొద్దిగా పెరిగిందన్నారు. నడక వల్ల, చెవుల వల్ల, ఎక్కాల వల్ల ఎంత ఆగిందో, ఇవేవీ లేకపోతే ఎంత పెరిగేదో మాకు తెలియదు, ఎవరూ చెప్పలేరు. పాల గిన్నె మేమే చూసుకుంటున్నాం. మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్ది పెడుతున్నాం. కానీ సంఘం పిక్నిక్కులో అమ్మ ఇప్పుడు మూల కూర్చోవడం లేదు. పదహారు పదహార్లు ఎంతో చెప్పమని మీ పిల్లలను నిలదీసి ఇంటికి పంపిస్తున్నది ఆవిడే.

మేము టాబ్లెట్ కొన్నది అమ్మ జ్ఞాపకశక్తి కోసమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కాదు. రోజూ ఆవిడ పక్కన అరగంట కూర్చునే తీరిక మాకు లేదు, ఆ లోటు పూడ్చడానికి కొన్నాం. దానిమీద మీరు ఏమనుకున్నా మేము పడతాం.

కాబట్టి మీ నాన్నగారికి ఏదైనా కొనేముందు మూడు పనులు చేయండి. చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. మరుపు ఎక్కువైతే వయసు మీద తోసెయ్యకుండా డాక్టరుకు చూపించండి, దుబాసీని అడగండి. రోజూ ఆయనతో నడవండి, తెలుగులో మాట్లాడుతూ. ఆ తరువాత ఆటలు కూడా ఆడతానంటే ఆడనివ్వండి, తప్పేమీ లేదు.

చివరగా సంఘం వారికి ఒక విన్నపం. నెలకో ఆదివారం మన పెద్దవాళ్ళనూ, పిల్లలనూ ఒక గదిలో కూర్చోబెట్టే ఏర్పాటు చేయగలమా? పెద్దవాళ్ళు అడగాలి, పిల్లలు చెప్పాలి. పిల్లలు అడగాలి, పెద్దవాళ్ళు చెప్పాలి. అవధానం అంత మాట అనం గాని, ఎనిమిది మంది పృచ్ఛకులు మాత్రం తేలిగ్గా దొరుకుతారు. మొదటి ఆదివారానికి మా ఇల్లు ఇస్తాం. కాఫీ, కారప్పూస మావే. గంట కొట్టడానికి మా అమ్మాయి సిద్ధంగా ఉంది.